వాగుకి ఒక శనివారం

సియాటెల్ ఈస్ట్‌సైడ్ తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు,



జనవరి రాగానే మీరంతా కూర్చుని ఆ ఏడాది కార్యక్రమాల పట్టిక వేస్తారు. సంక్రాంతి ముగ్గులు, ఉగాది కవి సమ్మేళనం, ఎండాకాలం పిక్నిక్, చవితి, బతుకమ్మ, దీపావళి. ఏ స్కూలు ఆడిటోరియం దొరుకుతుంది, ఏ గాయకుడికి వీసా వస్తుంది, భోజనాలు ఎవరికి అప్పజెప్పాలి అన్న దగ్గరే అర్ధరాత్రి దాటిపోతుంది. రెండేళ్ళు ఆ బల్ల దగ్గర నేనూ కూర్చున్నాను, భోజనాల కమిటీలో. ఆ పట్టికలో ఒక్క శనివారం అడుగుదామని ఈ ఉత్తరం. విడివిడిగా రాస్తే "చూద్దాం మేడమ్" అంటారు. అందుకని నలుగురూ చదివేలా రాస్తున్నాను.

అడిగేది చేపల కోసం. నవ్వుకున్నా పర్వాలేదు, చివరిదాకా చదవండి.

మా నాన్నగారు మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు, అందరం మన అమ్మానాన్నల్ని తిప్పినట్టే నేనూ ఆయన్ని తిప్పాను. స్పేస్ నీడిల్, స్నోక్వాల్మీ జలపాతం, ఆ తర్వాత బాలర్డ్ లాక్స్. మాది ధవళేశ్వరం. లాకులంటే ఆయనకి కొత్తేమీ కాదు, పడవలు పైకెక్కడం కిందకి దిగడం ఒక్క నిమిషం చూసి పక్కకి తిరిగారు. చేపల మెట్ల దగ్గర అద్దాల గదిలోకి వెళ్ళాక మాత్రం కదల్లేదు. ఆగస్టు ఆఖరు. ఇరవయ్యొక్క మెట్లున్న ఆ నిచ్చెనలో ఉప్పునీటి నుంచి మంచినీటిలోకి చినూక్ సాల్మన్‌లు ఎక్కుతున్నాయి. మోచెయ్యంత చేప ఒకటి అద్దానికి అవతల ఎదురునీటిలో తోక ఆడిస్తూ నిలబడింది. నాన్న అద్దానికి నుదురు ఆనించి దాన్నే చూస్తూ "ఇది పులస బాపతే" అన్నారు.

నిజమే. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇలస, గోదారి ఎర్రనీళ్ళు ఎక్కితే పులస. గుడ్ల కోసం తీపినీళ్ళు వెతుక్కుంటూ ఎదురీదే చేప. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతలో పెరిగిన మనకి సాల్మన్ అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. నాన్న తర్వాత అడిగిన ప్రశ్నకే నా దగ్గర జవాబు లేకపోయింది. "ఇక్కణ్ణించి ఎక్కడికి పోతాయమ్మా ఇవి?" అన్నారు. "ఎక్కడికో పైకి నాన్నా, కొండల్లోకి" అనేశాను.

అది తప్పని తెలియడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఆ లాకులు దాటిన చేప షిప్ కెనాల్‌లో, లేక్ యూనియన్‌లో ఈది లేక్ వాషింగ్టన్ చేరుతుంది. కెన్‌మోర్ దగ్గర సమామిష్ నదిలోకి మలుపు తీసుకుని బోతెల్, వుడిన్‌విల్ దాటి రెడ్‌మండ్ వస్తుంది. అక్కడ కొన్ని బేర్ క్రీక్‌లోకి తిరుగుతాయి, కొన్ని లేక్ సమామిష్ దాటి ఇసక్వా క్రీక్‌కి పోతాయి. అంటే ఆ చేప వచ్చేది మన ఇళ్ళ మధ్యకే. మా ఇంటి నుంచి బేర్ క్రీక్ వంతెన పది నిమిషాల నడక. పదకొండేళ్ళు ఆ వంతెన మీద ఫోను చూసుకుంటూ నడిచాను.

మీ పట్టికనీ చేపల పట్టికనీ పక్కపక్కన పెట్టి చూడండి. మనం చవితి మండపానికి చోటు వెతుక్కునే రోజుల్లో చినూక్‌లు బాలర్డ్ మెట్లెక్కుతుంటాయి. బతుకమ్మలు పేర్చే వేళకి వాగుల్లో గులకరాళ్ళు తవ్వుతుంటాయి. ఆడచేప పక్కకి ఒరిగి తోకతో రాళ్ళని ఛెళ్ళుమని చరుస్తుంది. రాళ్ళు లేచి నీటి వాలుకి కాస్త దిగువన పడతాయి. గొయ్యి పడ్డాక గుడ్లు పెడుతుంది, కొంచెం ఎగువకి జరిగి మళ్ళీ తవ్వుతుంది, ఆ లేచిన రాళ్ళే వచ్చి ముందరి గుడ్లని కప్పుతాయి. ఇలా రోజుల తరబడి. తోక అంచులు చీలికలై తెల్లబడిపోతాయి, ఒంటి మీద పొలుసు చివికిపోతుంది, అయినా ఆ గొయ్యి వదిలి పోదు. దీపావళి దాటుతూండగా జోరువానలు పడితే కోహో సాల్మన్‌ల వంతు. మన సంక్రాంతి ముగ్గుల నాటికి పెద్ద చేపలన్నీ చనిపోయి ఉంటాయి, గుడ్లు మాత్రం రాళ్ళ కింద ఉంటాయి. ఉగాదికి ముందూ వెనకా వేలెడు కూడా లేని పిల్లలు రాళ్ళ సందుల్లోంచి బయటికొస్తాయి. ఏ పండక్కి చూసినా వాగులో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది.

ఈ నీళ్ళని మనుషులు ఎంత మార్చేశారో కొంచెం చెప్పాలి. 1916లో లాకుల కోసం లేక్ వాషింగ్టన్‌ని దాదాపు తొమ్మిది అడుగులు దించేశారు. అప్పటిదాకా ఆ చెరువు నీళ్ళు దక్షిణాన బ్లాక్ రివర్ గుండా పోయేవి. ఆ నది ఎండిపోయింది. నది పోతే చేపలు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది, దాని ఒడ్డున బతికిన డువామిష్ జనం ఊళ్ళే పోగొట్టుకున్నారు. 1960ల్లో సమామిష్ నది వంకర్లన్నీ తీసేసి తిన్నగా తవ్వారు. ఇప్పుడు మనం సైకిళ్ళు తొక్కే దారి పక్కన అది కాలవలా కనిపించడానికి కారణం అదే. చిత్తడి నేలల్లో కొన్ని పొలాలయ్యాయి, తర్వాత ఆఫీసులయ్యాయి, పార్కింగ్‌లయ్యాయి. బెల్‌వ్యూలో మెర్సర్ స్లూ ఒకటి మిగిలింది, 320 ఎకరాలు. జులైలో పిల్లల్ని తీసుకెళ్ళి బ్లూబెర్రీలు కోయించి ఫొటోలు తీసుకునే చోటు. ఆ పొదల మొదళ్ళ కింద తడి ఎందుకు ఆరదో ఎప్పుడైనా ఆలోచించారా? లేక్ వాషింగ్టన్ ఒడ్డున మిగిలిన చిత్తడి నేలల్లో అదే పెద్దది.

చిత్తడి నేల అంటే మన వాళ్ళకి పనికిరాని చోటు, మట్టి పోసి చదును చేస్తే ప్లాటు. చేపకి అది ప్రసూతి తర్వాతి పుట్టిల్లు. చినూక్ పిల్ల కొద్ది నెలల్లో సముద్రం వైపు బయల్దేరుతుంది గాని, కోహో పిల్ల ఏడాదికి పైగా మంచినీటిలోనే ఉంటుంది. చలికాలం వరదలో వాగు నడిమధ్య నిలవలేదు. పక్కన నిదానంగా నిలిచే నీళ్ళు కావాలి, మడుగు కావాలి, పడిపోయిన దుంగ చాటు కావాలి. బీవర్ ఆనకట్ట కడితే ఆ చాటు ఉచితంగా దొరుకుతుంది. పెరట్లోకి తడి వచ్చిందని దాన్నేమో మనం ఫిర్యాదు చేసి తీయిస్తాం.

1999లో పూజెట్ సౌండ్ చినూక్‌ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద చేర్చారు. అంతకంటే ముందు మాట ఒకటుంది. 1855లో పాయింట్ ఎలియట్ ఒప్పందంలో ఇక్కడి తెగలు భూమి ఇచ్చేసి, తాము ఎప్పటి నుంచో పట్టే చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం ఉంచుకున్నాయి. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ ఆ మాటకి అర్థం చెప్పాడు: పట్టదగిన చేపల్లో సగం తెగలవి. ఆ తర్వాత రోడ్ల కింద చేపకి దారివ్వని కల్వర్టులు ఆ హక్కుని దెబ్బతీస్తున్నాయా అన్న కేసు 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. జడ్జీలు నలుగురు అటూ నలుగురు ఇటూ నిలవడంతో, వాషింగ్టన్ రాష్ట్రం ఆ కల్వర్టులు మార్చాల్సిందేనన్న కింది కోర్టు తీర్పు నిలిచింది. ఎస్క్రో కంపెనీ ఇచ్చిన కాగితాల కట్ట చూసి ఇల్లు మనదనుకుంటాం. ఆ స్థలానికి మొదటి దస్తావేజు 1855 నాటిది, దాని ఖరీదు చేపల్లో ఉంది. ఆ బాకీ ఇంకా తీరలేదు. పోయిన ఏడాది కల్వర్టు పని కోసం మా కాలనీ రోడ్డు కొన్ని వారాలు మూసినప్పుడు వాట్సాప్ గ్రూపులో వచ్చిన తిట్లలో సగం తెలుగులోనే ఉన్నాయి. అందుకే ఈ సంగతి ఇక్కడ రాయాల్సి వచ్చింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. రెడ్‌మండ్ టౌన్ సెంటర్ వెనక 520 హైవేకి ఆనుకుని తిన్నటి కాలవలా పడి ఉండే బేర్ క్రీక్‌ని, హైవేకి దూరంగా వంకర్లు తిరిగే కొత్త పాయలోకి మళ్ళించారు. అవాండేల్ రోడ్డు పక్కన కెల్లర్ ఫామ్ అని ఒకప్పటి పాడి పశువుల పొలం ఉంటే దాన్ని మళ్ళీ చిత్తడి నేలగా మార్చే పని చేపట్టారు. నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం లేక్ వాషింగ్టన్ అవతలి ఒడ్డున, సియాటెల్‌లో థార్న్‌టన్ క్రీక్.

సియాటెల్ నగరంలో ఇంత పెద్ద పరీవాహక ప్రాంతం ఉన్న వాగు ఇంకొకటి లేదు. దాని ఉత్తర పాయా దక్షిణ పాయా కలిసే చోట ఇళ్ళు వాగు మీదకి ఎక్కేసి ఉండేవి, వరదొస్తే రోడ్డు మునిగేది. నగరం ఆ ఇళ్ళు కొన్ని కొని తీసేసి, వాగుకి వరద పరుచుకునే చోటు వెనక్కి ఇచ్చి, 2014లో పని ముగించింది. పైకి కనిపించేది అంతే. అసలు పని కింద ఉంది. ఏటి ఇసకలో చెలమ తీస్తే నీళ్ళు ఊరడం మనం చిన్నప్పుడు చూశాం. ఏరు పైన ఎండినట్టున్నా ఇసక కింద నడుస్తూనే ఉంటుంది. అలా రాళ్ళ కింద నడిచే నీళ్ళే వేసవిలో వాగుని చల్లబరుస్తాయి, చలికాలంలో గోరువెచ్చగా ఉంచుతాయి, గుడ్లకి ప్రాణవాయువు అందిస్తాయి. నగరాల్లో వరద నీళ్ళు ఒక్క పెట్టున వచ్చి ఆ రాళ్ళన్నిటినీ ఊడ్చుకుపోయాయి, గట్టి మట్టి తేలింది, చెలమ పోయింది. థార్న్‌టన్ క్రీక్‌లో ఇంజనీర్లు ఆ గట్టి మట్టి తవ్వి, లోతుగా గులకరాళ్ళు నింపి, నీళ్ళని కిందికి దింపి పైకి తేలేలా దుంగలు అమర్చారు. 2018 శరదృతువులో చినూక్‌లు వచ్చి, సరిగ్గా ఆ అమర్చిన చోటే గుడ్లు పెట్టాయి. కిందనుంచి ఊరే నీళ్ళు ఎక్కడున్నాయో వాటికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది సంతోషకరమైన ఉత్తరం అయ్యుండేది. కానీ వెస్ట్ సియాటెల్‌లో లాంగ్‌ఫెలో క్రీక్ ఉంది.

1990ల్లో సియాటెల్ చుట్టుపక్కల ఇలాగే కొన్ని వాగులు బాగుచేశారు. దుంగలు పడేశారు, రాళ్ళు పోశారు, అడ్డాలు తీశారు. కోహోలు వచ్చాయి. వచ్చి గుడ్లు పెట్టకుండానే చచ్చిపోవడం మొదలెట్టాయి. 2002 నుంచి శాస్త్రవేత్తలు ఏటా వాగుల వెంట నడిచి లెక్క రాశారు. లాంగ్‌ఫెలో లాంటి నగరపు వాగుల్లో వచ్చిన కోహోల్లో 60 నుంచి 100 శాతం అలా పోయేవి. నాలుగేళ్ళ కిందట నవంబరులో ఆ లెక్క రాసే వలంటీర్లతో నేనూ ఒక ఉదయం వెళ్ళాను. ముందురోజు రాత్రంతా వాన. నీళ్ళు నల్లగా ఉన్నాయి. వంపు దగ్గర ఒక ఆడ కోహో నీటి పైకి తేలి, నోరు తెరిచి, రెక్కలు బిర్రబిగిసి గుండ్రంగా తిరుగుతోంది. దిక్కు తెలియని తిరుగుడు. పక్కకి ఒరిగింది, లేచింది, మళ్ళీ ఒరిగింది. గడ్డానికి మాస్కు వేలాడుతున్న పెద్దాయన గడియారం చూసి పుస్తకంలో టైము రాసుకున్నాడు. గంటకల్లా అయిపోయింది. ఆయన చిన్న కత్తితో పొట్ట చీల్చి చూపించాడు. గుడ్లన్నీ అలాగే ఉన్నాయి, దానిమ్మ ఒలిచినట్టు, ఒక్కటీ రాలలేదు. సముద్రంలో సీల్‌లనీ వలలనీ తప్పించుకుని వచ్చిన చేప అది. తన కోసం బాగుచేసి పెట్టిన వాగులోకే వచ్చి చచ్చిపోయింది. ఇల్లు కట్టి, పక్క పరిచి, చెంబులో విషం పోసి పెట్టినట్టు.

ఆ విషం ఏమిటో తేలడానికి దాదాపు ఇరవయ్యేళ్ళు పట్టింది. టకోమా, పుయాలప్ శాస్త్రవేత్తలు టైరు పొడి నానిన నీళ్ళలో ఉన్న రెండు వేలకి పైగా రసాయనాల్ని విడదీస్తూ జల్లెడ పట్టారు. 2020 డిసెంబరులో జెన్యు టియన్, ఎడ్వర్డ్ కొలోజీ, జెనిఫర్ మెకింటైర్ బృందం సైన్స్ పత్రికలో పేరు బయటపెట్టింది: 6పీపీడీ-క్వినోన్. టైరు రబ్బరు బీటలు వారకుండా 6పీపీడీ అనే మందు కలుపుతారు. టైరు అరిగిన పొడి రోడ్డు మీద పడుతుంది, ఆ మందు గాలిలోని ఓజోన్‌తో కలిసి ఈ క్వినోన్‌గా మారుతుంది, మొదటి జోరువానకి కొట్టుకొచ్చి వాగులో పడుతుంది. లీటరు నీటిలో మైక్రోగ్రాములో పదో వంతు చాలు, సగం కోహోలు పోతాయి. మన కార్లకి కూడా అవే టైర్లు. ఎలక్ట్రిక్ కారు కొని పాపం కడిగేసుకున్నామనుకునే వాళ్ళం మనలో చాలామందిమి. పొగ లేదు సరే, టైరు ఉందిగా. బ్యాటరీ బరువుకి అది ఇంకాస్త అరుగుతుంది.

దీనికి విరుగుడు చూస్తే మాత్రం మా అమ్మమ్మ కూడా ఒప్పుకునేది. మూడు పాళ్ళు ఇసక, రెండు పాళ్ళు కంపోస్టు ఎరువు. హైవే మీది నీళ్ళని ఆ మిశ్రమంలోంచి వడగట్టి కోహోలని వదిలితే బతికాయి, వడగట్టని నీళ్ళలో వదిలినవి గంటల్లో చచ్చిపోయాయి. బొగ్గూ ఇసకా వేసి కుండలో నీళ్ళు దింపుకున్న వాళ్ళం మనం. ఇంటి ముందు కట్టే రెయిన్ గార్డెన్ అంటే అదే, పల్లంలో ఇసకా ఎరువూ మొక్కలూ.

మనకి తెలియనిదల్లా నీళ్ళు ఎటు పోతాయన్నది. వంటింటి సింకు నీళ్ళు శుద్ధి కేంద్రానికి పోతాయి. రోడ్డు పక్క ఇనప జాలీలోకి పోయే వాన నీళ్ళు పోవు. సియాటెల్ పాత పేటల్లో కొన్నిచోట్ల రెండూ ఒక గొట్టంలో కలుస్తాయి గాని, మన వైపు వేరువేరు. కొత్త కాలనీల్లో కంచె వేసిన నీటి గుంట ఉంటుంది, అది వరదని కాస్త ఆపి బురద దించుతుంది. నీళ్ళలో కరిగిన మందుని ఆపడం దాని పని కాదు. జాలీ పక్కన చేప బొమ్మ ఉన్న బిళ్ళ అతికించి ఉంటే చూడండి, అది అలంకారానికి పెట్టింది కాదు. పదకొండేళ్ళు నేను డ్రైవ్‌వేలోనే కారు కడిగాను. సబ్బు నురగ జాలీలోకి పోతుంటే శుభ్రంగా పోతోంది కదా అనుకున్నాను. కార్‌వాష్‌కి తీసుకెళ్తే ఆ నీళ్ళు శుద్ధికి పోతాయి, అంతే తేడా. కప్పు మీది నాచు చంపే మందుల్లో జింకు ఉంటుంది, కొన్నిట్లో రాగి. నీళ్ళలో కాస్త రాగి కలిసినా సాల్మన్ పిల్లకి వాసన పట్టే శక్తి దెబ్బతింటుంది, తనని తినేది దగ్గరికొస్తున్నా తెలియదు. ఈ రాష్ట్రం 2010లో బ్రేక్ ప్యాడ్‌లలో రాగి తగ్గించమని చట్టం చేసింది, కంపెనీలు తగ్గించాయి. టైర్ల విషయంలోనూ అది సాధ్యమే, అడిగేవాళ్ళు ఉంటే.

ఒక సంగతి రాయాలా వద్దా అని తటపటాయించాను. కిందటేడు సెప్టెంబరులో ఒక సంఘం పిక్నిక్‌లో పిల్లలు వాగులో దిగి రాళ్ళు ఎత్తి ఆనకట్ట కట్టారు. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. పూజ చేసిన పసుపు గణపతినీ, థర్మోకోల్ పళ్ళెంతో సహా పూలనీ అక్కడే వదిలారు. ఆ సంఘం పేరు చెప్పను. అది మీలో ఎవరైనా కావచ్చు, నేను కమిటీలో ఉన్న ఏడాదైనా కావచ్చు. సెప్టెంబరు నుంచి ఉగాది దాకా వాగులో అడుగు పెడితే అది ఒక గుడ్ల గొయ్యి మీద పడవచ్చు. వంతెన మీద నిలబడి చూడనివ్వండి పిల్లల్ని. గణపతిని తొట్టిలో కలిపి ఆ మట్టి మొక్కలకి పోయొచ్చు, చాలా ఇళ్ళల్లో అలా చేస్తూనే ఉన్నారు. బతుకమ్మ నిండిన చెరువుకి చేసే పండగ. థర్మోకోల్ దానికి ఎప్పుడూ అవసరం రాలేదు.

ఈ మాటలే గ్రూపులో రాస్తే ఒకాయన అడిగారు: "మన ఊళ్ళో చెరువులు మింగేసి వచ్చి ఇక్కడ అమెరికా చేపల కోసం ఏడుస్తున్నావా అమ్మా?" నిజాయితీ గల ప్రశ్న, నాకు కోపం రాలేదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో నీళ్ళు తమ పాత దారులు వెతుక్కుంటూ ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు మా అన్నయ్య కుటుంబం రెండు రాత్రులు మేడ మీద గడిపింది. చెరువు శిఖం భూమి కొనకూడదని అందరికీ తెలుసు, అందరూ కొన్నారు. ఆ తప్పు ఎలా జరుగుతుందో మనకి తెలిసినంత ఇక్కడి వాళ్ళకి తెలియదు. ఇప్పుడు ఇక్కడ మన పన్నులున్నాయి, పిల్లల స్కూళ్ళున్నాయి, చాలామందికి ఓట్లు కూడా ఉన్నాయి. నీటి గురించిన సభల్లో మనం మాత్రం కనిపించం.

శనివారం సంగతి చెప్తాను. అక్టోబరు నుంచి మార్చి దాకా నగరాలూ కౌంటీ వాగుల ఒడ్డున మొక్కలు నాటిస్తాయి. పారలు, చేతి తొడుగులు వాళ్ళే ఇస్తారు. మొదటిరోజు నేను వేసుకెళ్ళిన బూట్లలో ఒకటి బురదలోనే ఉండిపోయింది, ఒంటి మేజోడుతో కారు దాకా గెంతాను. సగం పని ముళ్ళపొద పీకడం. హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు, దానికి హిమాలయాలతో సంబంధం లేదు. 1885లో లూథర్ బర్బాంక్ అనే మొక్కల నిపుణుడు ఇండియా నుంచి వచ్చిన విత్తనాలతో పెంచి ఆ పేరు పెట్టాడు, అసలు పుట్టుక ఆర్మేనియా వైపు. మన దగ్గర సర్కారు తుమ్మ ఎలాగో ఇక్కడ ఇది అలా, వేరు ముక్క మిగిలినా మళ్ళీ లేస్తుంది. పీకిన చోట విల్లో కొమ్మలు పాతుతారు. బొటనవేలి లావు కొమ్మని చివర ఏటవాలుగా చెక్కి తడినేలలో దిగ్గొట్టడమే, మునగ కొమ్మ పాతినట్టు. మూడేళ్ళకి అది వాగు మీదకి నీడ వాలుస్తుంది, నీడలో నీళ్ళు చల్లగా ఉంటాయి, ఆకు మీది పురుగు జారి నీళ్ళలో పడితే చేపపిల్ల తింటుంది. మా అమ్మాయి మొదటి ఏడాది పాతిన కొమ్మ ఇప్పుడు దానికంటే రెండింతలు ఎత్తుంది. మిగతా వలంటీర్లు ఎక్కువగా రిటైరైన వాళ్ళు, స్కూలు పిల్లలు. అప్పుడప్పుడు ఒక చైనీస్ సంఘం వస్తుంది, బ్యానరుతో సహా. మన వాళ్ళు ఇప్పటిదాకా మేం ముగ్గురం.

పట్టికలో ఒక శనివారం రాయండి. ఆహ్వానపత్రంలో కార్‌వాష్ మాటా, వాగులో దిగొద్దన్న మాటా ఒక్కో వాక్యం వేయండి. వాన నీటి శుద్ధికి రుసుము పెంచే మాట నగర మండలి ముందుకి వచ్చినప్పుడు వద్దని సంతకాలు సేకరించే పని కాస్త ఆపండి, వీలైతే మీలో ఒకరు వెళ్ళి మూడు నిమిషాలు మాట్లాడండి. డబ్బులు అడగడం లేదు. వేదిక, మైకు, అతిథి, శాలువా ఏవీ అక్కర్లేదు. దీపావళి నైట్‌కి ఆరువందల మందిని తేగలిగిన మీకు నలభై మందిని తేవడం ఎంత పని?

మా నాన్నగారు ఇప్పుడు రాలేరు, మోకాళ్ళు సహకరించడం లేదు. ఫోనులో అడుగుతుంటారు, "చేపలొచ్చాయా అమ్మా ఈ ఏడు?" అని. కిందటి అక్టోబరులో వంతెన మీద నుంచి రెండు చూశానని చెప్పాను. ఆయన ఇంకొకటి కూడా అడిగారు, ఎంతమంది చూశారని.

పెద్ద సైజు, చిన్న సైజు కలిపి పద్నాలుగు జతల రబ్బరు బూట్లు మా గరాజ్‌లో ఉన్నాయి. తేదీ చెప్తే అవి నేను తెస్తాను. పులిహోర మాత్రం మీరే తేవాలి.

ఇట్లు,
మీ పాత భోజనాల కమిటీ సభ్యురాలు,
రెడ్‌మండ్